రంజన్ కింది ఇసుక

పోయిన ఎండాకాలం, ఈస్టర్ ఫ్రాకులకు నేను లేసు కుడుతున్న రోజుల్లో, మా ఆయన స్టాన్లీ చేపల్లేని చేపల తొట్టి ఒకటి భుజాన పెట్టుకుని బస్సు దిగాడు. నారాయణఖేడ్ డిపో నుంచి మా ఇల్లు దగ్గరే కాబట్టి ఆటో కూడా మాట్లాడుకోలేదట. నడి ఎండలో ఆ గాజు పెట్టె మోసుకుంటూ వస్తుంటే బజారంతా నిలబడి చూసిందని మా అత్త సంగమ్మ తరవాత చాలా రోజులు సాధించింది.

"చేపలేవిరా?" అంది అత్త గడపలోనే.

"చేపల్లేవమ్మా."

"చేపల్లేకుంట తొట్టెందుకు? దాంట్ల ఎవర్ని సాదుతవ్?"

స్టాన్లీ తొట్టి దించి, సంచిలోంచి టిఫిన్ డబ్బా తీశాడు. మూత తీస్తే తడిగుడ్డ. గుడ్డ విప్పితే ఒక గడ్డ. నల్లగా, సన్నటి వేర్లతో, నా బొటనవేలంత ఉంది. మా బిడ్డ అంకిత వంగి చూసి, "డాడీ, చామగడ్డ తెచ్చినవా?" అంది. ఆయన నవ్వి కాదన్నాడు. వెంటనే అది ఎప్పుడూ అడిగేదే అడిగింది. "ఈసారి ఎన్ని రోజులుంటవ్?"

పెళ్ళికి ముందు నుంచీ ఆయన హైదరాబాద్‌లో అక్వేరియంలు అమ్మే దుకాణంలో పనిచేసేవాడు. నెలకో, రెండు నెలలకో వచ్చి, ఒక పూట పడుకుని, ఒక పూట తిని, మళ్ళీ బస్సెక్కేవాడు. ఇప్పుడా దుకాణం మూతపడింది. రోడ్డు వెడల్పు చేస్తున్నారని ఆ వరసంతా కూలగొట్టారు. సేటు చేపలన్నీ అమ్మేసుకుని, ఈ గడ్డను మాత్రం ఈయన చేతిలో పెట్టి, నువ్వు సాకిందే కదా తీసుకుపొమ్మన్నాడట.

"మడగాస్కరని ఒక దేశమున్నది, సముద్రం నడుమ. గక్కడి వాగులల్ల పుట్టింది గిది" అన్నాడు అన్నం తింటూ. "మస్తు నాజూకుది. చానామంది కొంటరు, చంపుకుంటరు. దీన్ని ఈడ బతికిచ్చిన్ననుకో, ఏ నీళ్ళ మొక్కనైన బతికియ్యొచ్చు. ఇంట్లనే నాలుగు తొట్లు పెట్టుకుని, పెంచి, బస్సు పార్సిల్ల హైదరాబాద్ దుకాణాలకు పంపొచ్చు. ఇగ ఏడికీ పోయే పనిలేదు."

"బతకకుంటె?" అన్నాను.

"యేసుబాబు పూనెకు రమ్మంటుండు. పెద్ద దుకాణమట."

యేసుబాబుది మా దగ్గరి కంగ్టి. ఈయనతోపాటే పనిచేసినవాడు. పూనె అంటే హైదరాబాద్ లాంటిది కాదు, అనుకున్నప్పుడు బస్సెక్కి వచ్చేది కాదు. క్రిస్మస్‌కు వస్తే వచ్చినట్టు. నేను పప్పు వడ్డిస్తూ "సరే" అన్నాను. ఈ మనిషి ఎప్పుడు పోతానన్నా నేనన్నది ఆ ఒక్క మాటే. నా నోటికి జడిసి జాకెట్టు కొలతల దగ్గర పేచీ పెట్టే ఆడవాళ్ళు కూడా చప్పుడు చెయ్యరు గానీ, ఉండమని అడిగి, కుదరదనిపించుకోవడం మాత్రం నాకు చేతకాదు.

తొట్టి నా కుట్టుమిషన్ పక్కనే, ముందు గదిలో పెట్టాడు. అడుగున ఇసుక పోసి, గడ్డను సగం పైకి తేలేలా నాటాడు. నీళ్ళ దగ్గర గొడవ మొదలైంది. మా బోరు నీళ్ళు ఉత్త సున్నపు నీళ్ళు. గిన్నెల అడుగున తెల్లగా పొర కడుతుంది, తలంటుకుంటే జుట్టు చీపురైపోతుంది. ఆ నీళ్ళు గడ్డకు పడవని, మేం తాగడానికి కొనుక్కునే డబ్బా నీళ్ళు తెచ్చి పోశాడు.

అత్త కొంగు బిగించింది. "మాకు బోరు నీళ్ళు, నీ గడ్డకు డబ్బ నీళ్ళా? రేపు సబ్బు గూడ అడుగుతదా అది?"

"అడుగది తియ్యవే అమ్మా."

"అడిగితె గూడ నువ్వు తెస్తవ్. నిన్ను కన్నదాన్ని, నాకు తెల్వదా?"

చివరికి ఆ నీళ్ళు తనే సైకిల్ మీద తెచ్చుకునేటట్టు, ఇంట్లో తాగే డబ్బా ముట్టుకోకుండా ఉండేటట్టు ఒప్పందమైంది. రోజూ పొద్దున్నే డబ్బా కట్టుకుని పోయేవాడు. వచ్చాక కొంచెం నీళ్ళు తీసి, కొంచెం పోసి, తొట్టి ముందు గొంతుక్కూర్చునేవాడు.

ఈస్టర్‌కు ముందటి మట్టలాదివారం రాకముందే మొదటి ఆకు విచ్చుకుంది. ఆకంటే ఆకులా లేదు. ఈనెలు మాత్రమే ఉన్నాయి, వాటి నడుమ ఏమీ లేదు. ఆకు వెనకాల ఉన్న ఇసుక ఇటు నుంచి కనబడుతోంది. నేను మిషన్ మీది నుంచి లేసు చుట్ట తీసి గాజుకు ఆనించి చూశాను. అచ్చం అదే.

"దీన్ని లేసు మొక్కే అంటరు" అన్నాడు ఆయన, ఆ ఆకును తనే కుట్టినంత గర్వంగా.

"ముందే చెప్పొద్దా? జహీరాబాద్ దాంక పోయి లేసు తెచ్చుకుంటి. దీన్నే కోసి ఫ్రాకులకు ఏద్దుము."

ఆయన రెండు చేతులూ తొట్టికి అడ్డం పెట్టాడు. నేను నిజంగా కోస్తాననుకున్నాడేమో పాపం.

కల్హేర్ నుంచి నీలమ్మ జాకెట్లకు కొలతలివ్వడానికి వచ్చినప్పుడు ఆమె మొగుడు నాగయ్య తొట్టి దగ్గరే నిలబడిపోయాడు. పత్తి రైతు. చాలాసేపు చూసి, నాలుక చప్పరించాడు.

"అయ్యో, పురుగు వట్టింది గదరా పిలగా. ఆకంత తిని ఈనెలే ఇడిసింది. మందు కొట్టలేదా?"

"అది గట్లనే పెరుగుతది కాకా. పురుగు గాదు."

"గట్ల పెరుగుడేంది? పోయినేడు మా చేన్ల గిదే గత. నువ్వు పట్నంల ఉంటివి, నీకేం తెలుసు. మా ఇంట్ల సగం సీస ఉన్నది, తెస్త ఆగు."

ఊరికే అన్నాడనుకున్నాం. జాకెట్లు తీసుకోవడానికి వచ్చిన రోజు నిజంగానే లుంగీ మడతలోంచి మందు సీసా తీశాడు. "కొద్దిగనే పోద్దాం, మూతెడంత" అంటాడు. మా ఆయన వద్దని చెప్పలేక, పెద్దమనిషిని పక్కకు తొయ్యలేక, తొట్టిని కావలించుకుని నిలబడ్డాడు. నీలమ్మ మొగుణ్ణి చెయ్యి పట్టి బయటికి లాక్కుపోయింది. నేను మిషన్ మీద తల పెట్టి కడుపు పట్టుకుని నవ్వాను. ఎన్నేళ్ళయిందో అట్లా నవ్వి.

ఆ రోజుల్లో నేను సంతోషంగా ఉన్నాను. దాచుకోవడానికేముంది, మస్తు సంతోషంగా ఉన్నాను. ఆయన నా మిషన్ పక్కనే చాప వేసుకుని కూర్చునేవాడు. జాకెట్లకు హుక్కులు కుట్టడం నేర్చుకున్నాడు. మొదట్లో వంకరగా కుట్టి నాతో తిట్లు తిన్నాడు గానీ తరవాత చెయ్యి కుదిరింది. ఈస్టర్‌కు ముగ్గురం కలిసి చర్చికి పోయాం, తెల్ల ఫ్రాకులో అంకిత నడుమ. బడి నుంచి రాగానే "డాడీ ఉన్నడా?" అని వాకిట్లోంచే అరిచే పిల్ల, మెల్లగా ఆ అడగడం మానేసింది. ఉంటాడులే అన్నట్టు నేరుగా లోపలికి వచ్చి సంచి పడేసేది.

కుళ్ళు కూడా ఉండేది నాకు. లేవగానే ఆయన మొదట చూసేది తొట్టినే.

"ఏమయ్యా, గా ఆకులకున్న నసీబ్ మాకు లేకపాయె" అన్నానొకరోజు.

"నీకేమైందే. నువ్వు ఏ నీళ్ళల్లనైన బతుకుతవ్."

ఆయన మెచ్చుకోలుగానే అన్నాడు. నాకు మాత్రం చురుక్కుమంది. ఆ పూటంతా మిషన్ తొక్కుకున్నాను.

మే నెల వచ్చేసరికి రేకుల ఇల్లు పొయ్యి మీద పెట్టినట్టే. ఆ మొక్కకు వేడి పడదు. తొట్టి చుట్టూ తడి గోనెసంచి చుట్టాడు. ఫ్యాను మా మీది నుంచి తొట్టి మీదికి తిప్పాడు. పాల పాకెట్లు కడిగి, నీళ్ళు నింపి, ఫ్రిజ్‌లో గడ్డ కట్టించి తొట్టిలో తేలేసేవాడు. అత్త గొణిగేది గానీ, ఆయన నీళ్ళకు పోయినప్పుడు గోనె ఆరిపోతే తనే చెంబుతో తడిపేది. నేను చూడలేదనుకునేది.

అప్పుడొచ్చింది గాలిదుమారం. మా ఇంటి మీది రెండు రేకులు లేచిపోయాయి. ఊరవతల స్తంభాలు పడ్డాయి. రెండు రోజులు కరెంటు లేదు. ఫ్యాను లేదు, ఐసు లేదు. తొట్టిలో చెయ్యి పెడితే స్నానానికి కాచిన నీళ్ళలా ఉన్నాయి. అత్త రంజన్ కుండలోని చల్లటి నీళ్ళు బిందెకు వంచి తెచ్చి, "పొయ్యి కొడుకా" అంది. మేం తాగే నీళ్ళవి. అవీ పోశాం. కరెంటు వచ్చేసరికి ఆకులన్నీ ఉడికిన పాలకూరలాగా అడుగున పడి ఉన్నాయి. గదంతా వాసన.

ఆయన గడ్డను పైకి తీశాడు. వేలితో నొక్కితే ఒక పక్క మెత్తగా దిగిపోయింది. నా బ్లేడు తీసుకుని కుళ్ళిన సగం కోసేశాడు. మిగిలిన ముక్కను వాసన చూశాడు.

"బతుకదా?" అన్నాను.

"దీన్ని కొద్దిరోజులు సల్లటి జాగల పండవెడితె మళ్ళ లేస్తదంటరు. మా దుకాణంల ఏసీ పెట్టినా లేవలే. ఈడ, మే నెలల, సల్లటి జాగ ఏడున్నది కోమలా?" అన్నాడు. పెరట్లోకి పోయి, ఆ ముక్కను బట్టలుతికే బండ మీద పెట్టి, చేతులు కడుక్కున్నాడు. "అయిపాయె ఇగ."

నేను మిషన్ దగ్గర కూర్చుని వింటుండగానే ఫోన్ చేశాడు. "యేసన్నా, వస్త. రేకులు సరిజేసి, ఒక్క వాన పడ్డంక కారకుంట సూసుకుని వస్త."

ఫోన్ పెట్టేసి నా వైపు చూశాడు. నేను "సరే" అన్నాను. దారం తెగితే మళ్ళీ ఎక్కించబోయాను. సూదిలోకి దారం ఎంతకీ దూరలేదు.

ఆ సాయంత్రం పెరట్లోంచి అత్త కేకలు. "మంచి అల్లం ముక్క బండ మీద పారేసిండ్రు! అల్లం అగ్గువకొస్తుందా? కండ్లు ఏడ పెట్టుకున్నవే పిల్లా?" నేను మిషన్ దగ్గర నుంచి లేవలేదు, అది ఏ ముక్కో చూడలేదు. ఆమె ఆ ముక్కను తీసుకుపోయి రంజన్ కింది ఇసుకలో గుచ్చింది. మా ఇళ్ళల్లో రంజన్‌ను ఇసుక తట్టలో కూర్చోబెడతాం. కుండ చెమర్చి ఇసుక ఎప్పుడూ చల్లగా, తడిగా ఉంటుంది. వేర్లున్న కొత్తిమీర, అల్లం, నిమ్మకాయలు, ఎండకు వాడిపోయేవన్నీ అందులోనే గుచ్చుతుంది అత్త. ఫ్రిజ్ వచ్చినా ఆమె ఫ్రిజ్ అదే.

తొట్టి ఖాళీగా ఉండటం కూడా ఆమె భరించలేకపోయింది. "గింత మంచి అద్దాల పెట్టె ఉత్తగెందుకు?" అని దాని నిండా ఉల్లిగడ్డలు పోసింది. ఆయన ఆ ఉల్లిగడ్డల వంక ఒకసారి చూసి, రేకుల మీదికెక్కి మేకులు కొట్టుకున్నాడు. అంకిత మాత్రం మళ్ళీ మొదలుపెట్టింది. "పూనె ఎంత దూరం? అక్కడికి మన బస్సు పోతదా?"

జూన్ మొదట్లో ఒక పొద్దున మబ్బు పట్టింది. చాయ్ పెడదామని పొయ్యి మీద నీళ్ళు పెట్టి, అల్లం కోసం ఇసుకలో చెయ్యి పెట్టాను. చేతికొచ్చిన ముక్కను గోటితో గీకాను. వాసన లేదు. ఇంకొంచెం గీకబోయి ఆగిపోయాను. ఒక పక్క బ్లేడుతో కోసిన గాటు, ఎండి గట్టిపడి ఉంది. ఇంకో పక్క, బియ్యపు గింజంత, ఎర్రగా పచ్చగా మొలక.

చాయ్‌లో దంచి వేసేదాన్ని కదా! అక్కడే నేల మీద కూర్చుండిపోయాను. పొయ్యి మీద నీళ్ళు మరిగి మరిగి సగమయ్యాయి. మొలకను పైకి పెట్టి, గడ్డను ఉన్నచోటే గుచ్చి లేచాను. ఆ పూట చాయ్‌లో అల్లం లేదు.

"అల్లం ఎయ్యలేదానే?" అంది అత్త.

"అయిపోయిందత్తా."

ఎందుకు చెప్పలేదు? చెబితే ఆగిపోతాడు. నాకు తెలుసు. సంచి విసిరికొట్టి, రంజన్ ముందు గొంతుక్కూర్చుంటాడు. కానీ గడ్డ కోసం ఆగిన మనిషి, రేపు ఆ గడ్డ చస్తే మళ్ళీ పోతాడు. అప్పుడు నేనేం చూపించి ఆపాలి? నా కోసం ఆగుతాడా లేదా అన్నది తెలియాలంటే నేను నోరు తెరిచి అడగాలి. ఆ అడగడం రాకనే కదా ఇన్నేళ్ళూ మిషన్ తొక్కుకుంటూ బతికింది. అట్లా చెప్పకుండా, అడగకుండా, ఎవరూ లేనప్పుడు పోయి ఆ మొలకకు గుక్కెడు నీళ్ళు పోసి వచ్చేదాన్ని. ఎప్పుడు పోయినా ఇసుక అప్పటికే తడిగా ఉండేది. రంజన్ చెమట అనుకున్నాను.

ఒక సాయంత్రం వాన దంచికొట్టింది. ఆయన టార్చి పట్టుకుని రేకుల కిందంతా తిరిగాడు. ఒక్క చుక్క కారలేదు. అట్లా కారకపోయినందుకు ఆ ఇంటి మీద నాకు ఎంత కోపమొచ్చిందో చెప్పలేను.

మరునాడు పొద్దున సంచి సర్దుకున్నాడు. జహీరాబాద్ బస్సెక్కి, అక్కడ పూనె బస్సు పట్టుకోవాలి. అంకిత గోడ వైపు తిరిగి పడుకుంది, నిద్ర నటిస్తూ. నేను జొన్నరొట్టెలు, పల్లీల పొడి మూట కట్టాను. మూట సంచిలో పెడదామని వంగి, పెట్టలేక, చేతిలోనే పట్టుకుని నిలబడ్డాను.

"టైమైతుంది" అన్నాడు, సంచి భుజానికి తగిలించుకుంటూ.

"నేను ఏ నీళ్ళల్లనైన బతుకుతనంటివి గదా" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. "బతుకుత. నువ్వు లేకున్న బతుకుత. గాని నాకు మంచిగనిపిస్తలేదు. పోకు."

ఆయన నన్ను చూశాడు. భుజం మీది సంచి మెల్లగా జారి మోచేతి దగ్గర ఆగింది.

"ఏమన్నవ్?"

"రెండోసారి అనిపియ్యకు నాతోని."

సంచి కింద పెట్టి నా మిషన్ స్టూలు మీద కూర్చున్నాడు. తరవాత వంగి చెప్పులు విప్పాడు. చెప్పులు విప్పాడంటే ఇక పోడని నాకు అర్థమైంది.

"రా, నీకొకటి సూపిస్త" అన్నాను చెయ్యి పట్టి.

ఆయన లేవలేదు. "రంజన్ కిందిదేనా?"

నేను పట్టుకున్న చెయ్యి వదిలేశాను.

"రేకులు కొట్టిన నాడు నీళ్ళు తాగవోయి సూసిన. కొస అప్పుడే పొడుస్తున్నది. మనింట్ల గంత సల్లటి జాగ ఉన్నదని నాకే తట్టలే."

"గప్పుడే సూసినవా? మరి ఈ సంచేంది? ఈ రొట్టెలేంది? నాతోని పల్లీలు దంచిపిస్తివి!"

"గడ్డ బతికింది కోమలా. అది నాకు తెలుసు. నువ్వు ఉండుమంటవో లేదో తెల్వలే." ఆయన విప్పిన చెప్పుల వైపు చూస్తున్నాడు. "పోతనన్నప్పుడల్ల సరే అంటవ్. ఒక్కసారన్న ఎందుకు పోతవని అడుగలే. నేను లేకుంటెనే నీకు నిమ్మళమేమో అనుకున్న."

నాకు ఏడుపొచ్చింది, కోపమొచ్చింది, ఏది ముందొచ్చిందో తెలీదు. చేతిలోని రొట్టెల మూట ఆయన మీదికి విసిరాను. ఛాతీకి తగిలి ఒళ్ళో పడింది. "నిమ్మళమట! నీ నిమ్మళం పాడుగాను! బస్సు మలుపు తిరిగేదాంక వాకిట్ల నిలబడేదాన్ని, ఎనుకకు తిరిగి సూసినవా ఒక్కనాడన్న?" అని ఇంకా ఏమేమో అన్నాను. ఆయన మూట పట్టుకుని, అన్నీ వింటూ, నవ్వుతున్నాడు. కళ్ళు తుడుచుకుంటూ నవ్వుతున్నాడు. గోడ వైపు తిరిగి పడుకున్న పిల్ల ఎప్పుడు లేచిందో, ఆయన సంచి జిప్పు తీసి బట్టలు ఒక్కొక్కటే బయట పడేస్తోంది.

లోపలి నుంచి అత్త వచ్చింది. నడుం మీద చాట, చాట నిండా ఉల్లిగడ్డలు.

"లొల్లి అయిపోయిందా? అయితె ఒక మాట ఇనుండ్రి. అల్లమనుకుని నేనే పెట్టిన దాన్ని, మొలక సూసినంక ఎరుకైంది. పొద్దుగాల వీడు నీళ్ళు పోస్తడు, మాపటికి నువ్వు పోస్తవ్, ఒకలకు తెల్వకుంట ఒకలు. కుళ్ళిపోతదని తడి ఇసుక దీసి పొడి ఇసుక ఏసుడే నాకు పనైంది. ఇగనన్న ఇద్దరు మాట్లాడుకుని పొయ్యుండ్రి."

మేమిద్దరం ఒకరి మొహాలొకరు చూసుకున్నాం.

ఆమె చాట నా చేతుల్లో పెట్టింది. "గీ ఉల్లిగడ్డలు ఏడ పొయ్యాలెనో అది జెప్పు ముందుగాల."

ఆమె వెనకాల, వంటగదిలో, కడిగి బోర్లించిన తొట్టి నుంచి నీళ్ళు కారుతున్నాయి.